సంతకాల సత్తెమ్మ ఊళ్ళో మూడు రోజులు

పాతికేళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నా, శంషాబాద్ అంటే నాకు ఎయిర్‌పోర్టు ఒక్కటే. ఎవరినో దింపడానికో తీసుకురావడానికో వెళ్ళడం, పార్కింగ్ దగ్గర నాలుగు మాటలు పడి తిరిగి రావడం. ఆ ప్రహరీ చుట్టూ ఊళ్ళున్నాయనీ, విమానాల మోత కిందే జనం పాలకూర కోసుకుంటున్నారనీ ఏనాడూ ఆలోచించిన పాపాన పోలేదు. నాది రేపల్లె దగ్గర పల్లెటూరు, పెళ్ళయ్యాక కూకట్‌పల్లి. అచ్చుకు వెళ్ళే పుస్తకాల్లో తప్పులు దిద్దడం నా వృత్తి. ఎవరేం రాసినా ముందు నమ్మకపోవడం అలా అలవాటైపోయింది. మా ఆయన దీన్ని రోగమంటాడు.

ఈసారి వెళ్ళింది పని మీద. ఒక పెద్ద కంపెనీ (పేరు రాయను) శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ళకు తాను చేసిన మేలు గురించి రంగుల పుస్తకం వేయిస్తోంది. మంచినీళ్ళ ప్లాంటు, బడి గోడలకు రంగులు, కుట్టు శిక్షణ, కంటి శిబిరం. కంపెనీల సామాజిక బాధ్యత అంటారట దీన్ని. "మూడు రోజులు తిరిగి జనం ఏమనుకుంటున్నారో రాసివ్వండి మేడం. కొంచెం మంచిగా" అన్నారు ఆఫీసులో. ఆ 'కొంచెం మంచిగా' దగ్గరే నాకు అనుమానం పుట్టింది. అయినా ఒప్పుకున్నాను. ఊరికే తిప్పి చూపిస్తామంటే ఎవరు కాదంటారు?

శంషాబాద్: సంచీ తిరగేసిన చోటు

బస్సు దిగి టీ తాగితే ఇరవై రూపాయలు. మా వీధి చివర పదిహేనుకే గ్లాసు నిండా పోస్తారు. అదే మాట టీ కొట్టతనితో అన్నాను.

"ఎయిర్‌పోర్టు దగ్గర గదమ్మా, రేటు గిట్లనే ఉంటది" అన్నాడు. ఎయిర్‌పోర్టు అక్కడికి కనిపించను కూడా కనిపించదు.

మామిడిపల్లి వైపు ఆటో మాట్లాడుకున్నాను. మూడొందల యాభై అడిగి మూడొందలకు దిగాడు. నడివయసు మనిషి. కాసేపు అద్దంలోంచి నన్నూ, నా ఒళ్ళోని సంచీనీ చూశాడు. కంపెనీ వాళ్ళిచ్చిన బట్ట సంచీ అది, మీద వాళ్ళ బొమ్మ అరచేయంత ఉంది.

"గా సంచి జర లోపట వెట్టుకో అక్కా. గా బొమ్మ సూస్తె ఊళ్ళె ఎవ్వరూ నోరిప్పరు."

"ఎందుకు? మంచి పనులే చేస్తున్నారుగా?"

"చేస్తరు, ఎందుకు చెయ్యరు? మా తాత పొలం గా ఎయిర్‌పోర్టు గోడ అవుతల ఉండె. ఇప్పుడు నా ఆటో గేటు కాడనే ఆగాలె. గదంతా అయినంక ఇప్పుడొచ్చి బడికి రంగులేస్తమంటె ఏమనాలె చెప్పు?"

దిగేముందు సంచీని తిరగేసి, బొమ్మ లోపలికి పోయేలా పట్టుకున్నాను. ఇచ్చినవాళ్ళ మీద నమ్మకమూ లేదు, చూసేవాళ్ళంటే భయమూ ఉంది. అట్టలా బిరుసుగా ఉన్న ఆ సంచీ తిరగేసేసరికి చేతులు నొప్పి పుట్టాయి.

మామిడిపల్లి దాటాక ఒక ఊరు

ఆ ఊరి పేరు కూడా రాయను. రాయనని మాటిచ్చాను.

ఊరు మొదట్లోనే నీళ్ళ ప్లాంటు, నీలం రంగు గది. నలుగురు ఆడవాళ్ళు క్యాన్లు నింపుకుంటున్నారు. నా మాట వినగానే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నా యాస ఎంత దాచుకున్నా దాగదు, గుంటూరు జిల్లా మొత్తం నోట్లోనే ఉంటుంది. నోటుబుక్ తీసి నీళ్ళెలా ఉన్నాయని అడిగాను.

"మంచిగనే ఉన్నయి" అంది ఒకామె. "గని గిది వచ్చినంక పంచాయతీ బోరు ఎవ్వరూ బాగు చేస్తలేరు. రేపు గీళ్ళు తాళమేసుకొని పోతె ఏం తాగాలె?"

మాట బాగుందనిపించి పేరడిగాను. "సత్తెమ్మ" అంది. రెండో ఆమెను అడిగాను. "సత్తెమ్మ." మూడో ఆమె కూడా సత్తెమ్మే. మా ఊళ్ళోనూ వీధికి నలుగురు వెంకటేశ్వర్లు ఉండేవాళ్ళు కదా అని శుభ్రంగా మూడుసార్లు రాసుకున్నాను. నాలుగో ఆమె మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. ఆమే అనసూయ. యాభై దాటిన మనిషి, మొగుడు జంగయ్యతో కలిసి రెండెకరాల్లో ఆకుకూరలు పండిస్తుంది. నా బస కూడా వాళ్ళింట్లోనే, సర్పంచి గారు కుదిర్చారు.

సాయంత్రం ఆమె పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తుంటే పక్కన కూర్చున్నాను. అంత పెద్ద రొట్టెను అరచేతుల మీదే తిప్పుతూ చేసేస్తోంది. నేనొకటి ప్రయత్నిస్తే మూడు ముక్కలై పెనంలో పడింది. పుంటికూర పప్పు వడ్డించింది. మేం గోంగూర అంటాం అన్నాను. "మీరేమన్నా అనుండ్రి, పులుపు పులుపే గదా" అంది. తిన్నాక కంపెనీ వాళ్ళిచ్చిన ఫైలు తీసి లబ్ధిదారుల పేర్లు చదవడం మొదలుపెట్టాను. సత్తెమ్మ కుట్టు నేర్చుకుంది. సత్తెమ్మ కంప్యూటర్ నేర్చుకుంది. సత్తెమ్మ పుట్టగొడుగుల పెంపకంలో సర్టిఫికెట్ తీసుకుంది. అనసూయ ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది.

"సత్తెమ్మ ఒక్కతే అక్కా. మేమంతా ఆమె పేరే చెప్తం. సంతకాల సత్తెమ్మ అంటం."

తర్వాత నవ్వు మానేసి చెప్పింది.

"వెనకట ఒక మీటింగు వెట్టిండ్రు. ఎవరో సార్లు వచ్చిండ్రు. చాయ్ వోసిండ్రు, బిస్కెట్లు పంచిండ్రు. వచ్చినోళ్ళ హాజరు రాసుకోవాలె, సంతకం వెట్టుండ్రి అన్నరు. వెట్టినం. నెల దినాలకు తెలిసింది, గా సంతకాలు భూమియ్యనీకి మాకిష్టమే అన్న కాయితం కింద ఉన్నయని. సత్తెమ్మ పెద్దమ్మ భూమి మొత్తం గప్పుడే పోయింది. ఇగ ఆమె కాడ తీసుకోనీకి ఏమున్నది? గందుకే బయటి కాయితం ఏదొచ్చినా ఆమె సంతకమే. ఆమె ఆధార్ జిరాక్సులు ఇంటింటికి ఉంటయి."

మా రేపల్లె వైపు ఎవరైనా ఏదైనా పంచుతున్నారంటే చనిపోయిన తాతల పేర్లు కూడా లిస్టులోకి ఎక్కించేస్తారు. పేరు లేకపోతే గొడవ. ఇక్కడ తలకిందులు: కుట్టు మిషను కావాలి, మందులు కావాలి, పేరు మాత్రం వద్దు. కంపెనీ వాళ్ళేమో అంతమంది లబ్ధిదారుల్ని లెక్క చూపిస్తున్నారు, అందులో సగం ఒకే ముసలమ్మ. వాళ్ళకీ విషయం తెలియదంటే నేను నమ్మను.

కొత్తిమీర మడి

రెండోరోజు పొద్దున పొలానికి వెళ్ళాం. నాలుగు నిమిషాలకొక విమానం చక్రాలు కనిపించేంత కిందుగా వచ్చి దిగుతోంది. నేను ప్రతిసారీ తలెత్తి చూశాను. వాళ్ళు ఒక్కసారి కూడా చూడలేదు.

కొత్తిమీర మడిలో ఒక ముసలామె గొంతుక్కూర్చుని చేత్తో తడుముకుంటూ కలుపు తీస్తోంది. సన్నటి మనిషి, పిడికెడు తెల్లజుట్టు ముడి. ఆమే సత్తెమ్మ. పక్కన పోసిన కుప్ప చూశాను. కలుపు సగం, కొత్తిమీర సగం. జంగయ్య అవతలి గట్టు మీంచి "ఆమెను ఎవరు దింపిండ్రు మడిల?" అని అరిచాడు. అనసూయ మారు మాట్లాడకుండా కుప్పలోంచి కొత్తిమీర ఏరి కట్టలు కట్టింది.

"ఇగ చాలు పెద్దమ్మా, గట్టు మీద కూసో" అంది.

"కూసుంటె కూలెట్ల వస్తది బిడ్డా?" అంది సత్తెమ్మ. లేవలేదు.

కళ్ళు చూశాను. రెండు పాపల మీదా తెల్లగా మీగడ కట్టినట్టు శుక్లాలు. పక్కూళ్ళో కంపెనీ పెట్టిన కంటి శిబిరానికి ఎందుకు వెళ్ళలేదని అడిగాను, ఊరికే చేస్తున్నారు కదా అని. సత్తెమ్మ నవ్వింది.

"పోయిన బిడ్డా. నీకు రెండు కండ్లు అయిపోయినయి, మల్లెందుకొచ్చినవ్ అన్నరు."

నాకు అర్థం కాలేదు. అనసూయ తలొంచుకుని కొత్తిమీర కట్టలు లెక్కపెడుతూ అసలు సంగతి చెప్పింది. రెండేళ్ళ కింద శిబిరంలో సత్తెమ్మ పేరు రాయించి, టోకెను తీసుకుని, కుడికన్ను ఆపరేషన్ చేయించుకున్నది అనసూయ. పోయినేడు అలాగే ఎడమకన్ను చేయించుకున్నది అనసూయ అత్త, ఆమె ఈ వానాకాలంలో పోయింది. కంపెనీ కంప్యూటర్లో సత్తెమ్మ రెండు కళ్ళూ నిక్షేపంగా ఉన్నాయి. ఇక్కడేమో కొత్తిమీరేదో గడ్డేదో తెలియని మనిషిని ఇంకెవరూ కూలికి పిలవడం లేదు. అనసూయ ఒక్కతే పిలుస్తోంది, అదీ మొగుడితో తిట్లు తింటూ.

"బయట చేయిస్తే?" అన్నాను.

"రెండు కండ్లకు ఎంతయితదో ఎర్కేనా అక్కా? ఇప్పుడు పాలకూర కట్ట అయిదు రూపాయలకు అడుగుతున్నరు."

నాకు అందరి మీదా ఒళ్ళు మండింది. కంపెనీ మీద, ఆ వెనకటి మీటింగు సార్ల మీద, కొంచెం అనసూయ మీద కూడా. మర్నాడు రావిర్యాలలో శిబిరం ఉందని ఫైల్లోనే చూశాను. సత్తెమ్మను తీసుకుని నేనే వెళ్తానన్నాను. పెద్ద మొనగత్తెలా అన్నాను.

పహాడీ షరీఫ్: అడ్డంగా రాసిన మాట

ఆ మధ్యాహ్నం ఆధార్ జిరాక్సు తీయించడానికి నేనూ సత్తెమ్మా పహాడీ షరీఫ్ వెళ్ళాం. ఇంటింటికీ ఉన్న కాపీలన్నీ పాతబడి మసకేసిపోయాయట. జిరాక్సు కొట్టాయన కాపీ చేతికిస్తూ, "గిది ఎందుకిస్తున్నరో దాని మీదనే అడ్డంగ రాసుకొండ్రి అమ్మా. మల్ల పరేషాన్ ఉండదు" అన్నాడు. అందరికీ అదే చెబుతాడట. 'కంటి ఆపరేషన్ కోసం మాత్రమే' అని సత్తెమ్మ ఫొటో మీదుగా నేనే రాశాను. దిద్దడం అలవాటైన చెయ్యి కదా, అక్షరాలు గుండ్రంగా కుదిరాయి.

కొండెక్కి దర్గాకు వెళ్దామంది సత్తెమ్మ. మా వైపు పల్లెల్లోనూ పీర్లకు మొక్కుతారు కానీ, ఇక్కడ ఆమె సొంత మేనమామ ఇంటికి వెళ్ళినంత చనువుగా వెళ్ళింది. మెట్టు మెట్టునూ కాలితో తడిమి, నా భుజం పట్టుకుని ఎక్కింది. సగంలో నా చెప్పు తెగింది. మిగతా మెట్లు వట్టి కాళ్ళతో ఎక్కితే అరికాళ్ళు కాలిపోయాయి. పైన ఆమె చక్కెర పొట్లం ఇచ్చి కళ్ళకు చేతులానించుకుంది. కిందికొచ్చాక కొత్త చెప్పులకు నూట ఎనభై అయింది, బేరమాడే ఓపిక నాకు లేకపోయింది.

దిగుతూ అడిగాను, ఊరందరి కాయితాలూ మీ మీద వేసుకుంటే భయం వేయదా అని.

"భయమెందుకు? నాకాడ ఏమున్నదని? కండ్లొక్కటి మర్శిపోయిన" అంది.

రావిర్యాల: రెండు కళ్ళూ బాగైన మనిషి

మూడోరోజు శిబిరానికి అనసూయ కూడా వచ్చింది. రమ్మని నేనడగలేదు. జంగయ్యకు మార్కెట్‌కు పోతున్నానని చెప్పి వచ్చింది.

షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, తలా ఒక మజ్జిగ ప్యాకెట్టు. డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. టార్చి వేసి సత్తెమ్మ కళ్ళు చూసి, "ఇవి రెండూ ముదిరిపోయాయి. వెంటనే చేయాలి" అని చీటీ రాసింది. పేర్ల బల్ల దగ్గర మాత్రం కంప్యూటర్ ముందున్నతను తల అడ్డంగా ఊపాడు. ఈ ఆధార్ మీద రెండు కళ్ళూ అయిపోయాయి. డాక్టరమ్మ స్వయంగా వచ్చి చెప్పింది, ఈ కళ్ళను ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదని.

"రికార్డులో అయినట్టుందండీ" అన్నాడు అతను. ఆమె నిస్సహాయంగా నా వైపు చూసింది.

నేను గొంతు పెంచాను. మీ కళ్ళతో చూడండి, మనిషి ఎదురుగా ఉంటే కంప్యూటర్ని నమ్ముతారేమిటి అని. అప్పుడొచ్చాడు కోఆర్డినేటరు. ముప్పై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు.

"మేడం, మీది గుంటూరు వైపా? మాది బాపట్లండి. మాట వినగానే అనుకున్నాను. ముందు కూర్చోండి, మంచినీళ్ళు తాగండి. పెద్దావిణ్ణి అలా నిలబెట్టేశారేంటయ్యా?"

కుర్చీలు వేయించాడు. మూడు రోజులుగా నా మాట విని మొహాలు చూసుకునే మనుషుల మధ్య తిరిగినదాన్ని. 'కూర్చోండి', 'పెద్దావిడ' అన్న మాటలు మా ఇంటి వరండాలో విన్నట్టే ఉన్నాయి. కోపం సగం దిగిపోయింది. సంగతంతా అతనికి చెప్పేశాను.

ఆశ్చర్యపోలేదు. "చాలా ఊళ్ళల్లో ఇంతేనండి" అన్నాడు. అసలు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు తమ పేరుతో, తమ ఆధార్ నంబరుతో ఒక కాగితం రాసిస్తే సత్తెమ్మ పేరు విడిపిస్తానన్నాడు. పోయిన అత్త తరఫున కూడా అనసూయే రాసిస్తే సరిపోతుందట. ఇంకే దారీ లేదన్నాడు.

అనసూయ బిగుసుకుపోయింది. ఆమె పొలం పట్టా పాసుపుస్తకం మీద ఉన్నదీ అదే ఆధార్ నంబరు. ఊళ్ళో కొత్త రోడ్డు వస్తుందని ఆరునెలలుగా చెప్పుకుంటున్నారు, ఎవరి పొలం మీదుగానో ఎవరికీ తెలియదు.

"వద్దు బిడ్డా" అంది సత్తెమ్మ. "నడువుండ్రి, ఇంటికి పోదాం. నాకు కండ్లు రాకుంటె నేనొక్కదాన్నే గుడ్డిదాన్నయిత. నీకు భూమి పోతె ఇంటిల్లిపాది ఏం తింటరు?"

అనసూయ నా వైపు తిరిగింది.

"అక్కా, నువ్వు సదువు. ఒక్క ముక్క ఇడువకుంట సదువు. నువ్వు వెట్టుమంటె వెడత."

చదివాను. తెలుగులో అచ్చయిన పది లైన్లు. ఫలానా నేను సత్తెమ్మ పేరు మీద చికిత్స పొందాను, ఈ వివరాలు నిజం. అంతే. రెండుసార్లు బయటికి చదివాను, అక్షరదోషం కూడా లేదు. పెట్టొచ్చు అన్నాను. అనసూయ నంబరు వేయించి, వంకర టింకర అక్షరాలతో తన పేరు రాసింది. పేరు రాస్తున్నంతసేపూ పెదాలు కదుపుతూనే ఉంది.

కోఆర్డినేటరు కాగితం తిరగేశాడు. వెనక చీమల బారుల్లాంటి ఇంగ్లీషు, పేజీ నిండా. "ఇక్కడ కూడా ఒకటమ్మా" అని వేలు పెట్టి చూపించాడు. నేను కళ్ళజోడు సవరించుకోబోతుంటే, "అదంతా మామూలేనండి మేడం, అన్ని ఫారాల వెనకా ఉండేదే. డాక్టరుగారు ఒంటిగంటకు వెళ్ళిపోతారు, ఈలోపు పెద్దావిణ్ణి చూపించేద్దాం" అన్నాడు.

అనసూయ నా మొహం చూసింది. నేను తలూపాను. ఆమె పెట్టింది.

ఒంటిగంటలోపే సత్తెమ్మకు ఆపరేషన్ తారీఖు ఇచ్చారు. తిరుగు ఆటోలో ఆమె మజ్జిగ ప్యాకెట్టు తెరవలేక నా చేతికిచ్చింది. మా ముగ్గురిలో తేలిగ్గా ఉన్నది నేనొక్కదాన్నే.

కూకట్‌పల్లికి వచ్చాక

ఆ రాత్రే తట్టింది. ఎవరేం రాసినా నమ్మనని గప్పాలు కొట్టే నేను, మా ఊరి యాసలో నాలుగు మాటలు వినగానే ఒక పేజీ చదవకుండా తలూపాను. అదీ, చదవమని నన్నే నమ్మిన మనిషికి. సిగ్గుతో మంచం మీద లేచి కూర్చున్నాను. శిబిరంలో కాగితం ముందువైపు ఫోన్లో ఫొటో తీసుకున్నాను, వెనకవైపు తీయలేదు. కోఆర్డినేటరుకు మూడుసార్లు ఫోన్ చేశాను. "హెడ్డాఫీసుకు వెళ్ళిపోయిందండి, కాపీ పంపుతాను" అంటున్నాడు, ఎంతో మర్యాదగా. ఇంకా రాలేదు. పుస్తకం రాయనని కంపెనీకి చెప్పేశాను. వాళ్ళు ఇంకెవరినో చూసుకున్నారు.

మొన్న అనసూయ ఫోన్ నుంచి సత్తెమ్మ మాట్లాడింది. కుడికన్ను అయిపోయింది, పట్టీ విప్పారు, ఎడమది వచ్చే నెల. "కొత్తిమీర ఆకు ఆకు కనవడుతుంది బిడ్డా! పొద్దుగాల ఒక్క మొక్క పీకలే. జంగయ్య కూడ ఏమనలే" అంది. ఆ గొంతులో సంతోషం వింటుంటే నాకు కళ్ళు తడిశాయి.

తర్వాత ఫోన్ అనసూయ తీసుకుంది. అవతల విమానం దిగుతున్న మోత, అది పోయేదాకా ఆగింది.

"అక్కా, నిన్న ఇద్దరు మనుషులు వచ్చిండ్రు. గట్టు మీద నిలవడి ఫోన్ల ఏదో సూసుకొని పోయిండ్రు. ఎవరో తెల్వదు. రోడ్డోళ్ళో, ఊకె వచ్చినోళ్ళో. మా ఆయనకు కాయితం ముచ్చట చెప్పిన, చెప్పకుంట ఎన్ని దినాలుంట? వెనక ఏమున్నదని అడుగుతుండు. ఏమున్నదక్కా?"

తెలియదు అనాలి. చదవలేదు అనాలి. నోటిదాకా వచ్చింది.

"ముందున్నదే, ఇంగ్లీషులో" అన్నాను.

"గంతేనా?"

"గంతే" అన్నాను, వాళ్ళ మాటలోనే.

అనసూయ పెద్దగా ఊపిరి వదిలింది. "నువ్వు సదివినవ్ గదా అక్కా, ఇగ ఫికరు లేదు" అని, పక్కనున్న జంగయ్యతో "సూసినవా, నేను చెప్పలే?" అంటూ ఫోన్ పెట్టేసింది.